నా జవాబు రాసుకున్నరు

అరవై తొమ్మిదిల నాది ఓడ కొలువు. ఇంజన్ రూముల నూనె పోసే పని. ఓడ బొంబాయి రేవుల సరుకు ఎత్తుకుంటుంటే, సెలవడిగి దిల్‌సుఖ్‌నగర్ ఒచ్చిన. అమ్మ కండ్లకు పొరలొచ్చినయి. ఓడ ప్రయాణం అయిపోయినంక చేతికిచ్చే జీతంతోని ఆపరేషన్ చేయిస్తనని చెప్పి, మర్నాడే మళ్లాలె.

మర్నాడు తెలంగాణ బంద్. ఆ ఎన్క గూడ బంద్. బస్సుల్లేవు, రైళ్లు ఎప్పుడు కదుల్తయో ఎవ్వనికి తెల్వది. మూసారాంబాగ్ బ్రిడ్జి దాక నడిస్తే పోలీసులు ఎన్కకు మళ్లేసిండ్రు. గల్లీల పోరగాండ్లేమో "ఏమన్నా, ఓడ పెద్దదా, తెలంగాణ పెద్దదా?" అని ఎగతాళి. అరే, జై తెలంగాణ నేనూ అన్న, గొంతు చించుకొని! మరి నా జీతం ఎవడియ్యాలె?

ఓడ కానూన్ నాకు ఎరికే. సెలవు దాటితే జీతం కోస్తరు. మన జాగల ఇంకొకన్ని పెట్టుకుంటే వాని కూలి గూడ మన జీతంలకెళ్లే. ఓడ కదిలిపోయిందా, ఇగ పారిపోయినోని లెక్కనే, అంతా గాయబ్. నడిసముద్రంల తుఫానుకు గూడ నేను గింత పరేషాన్ కాలే. కిరాయింట్ల గోడకు గోడకు తిరుగుడు, అమ్మ మీద అరుసుడు. పాపం, ఆమె "ఓడ పోతే పోనియ్ బిడ్డా, నువ్వైతే కండ్ల ముందర కనబడుతున్నవ్ గదా" అనేది. గోడ దిక్కు చూసి అనేది. నేనేమో గుమ్మంల నిలబడి ఉండేటోన్ని.

రైలు కదిలిననాడే ఎక్కిన. ఓడ ఇంకా రేవులనే ఉంది. బతికిన్రా దేవుడా అనుకున్న. కెప్టెన్ పిలిచి, ఓడ పుస్తకంల రాసిన నా తప్పు సదివిండు. జీతం కోసేముందు మనకు సదివి ఇనిపియ్యాలె, మన జవాబు రాసుకోవాలె, కానూన్ అది. తొవ్వ పొడుగునా వల్లె వేసుకున్నదంతా చెప్పిన. బంద్, బ్రిడ్జి, అమ్మ కండ్లు. మంచిగ రాసుకున్నడు. తిరిగి సదివిండు. "కరెక్టేనా?" అన్నడు. "కరెక్టే సాబ్" అన్న.

అప్పుడు కోసిండు. నా జాగల చేసినోని కూలి, ఇంటికొచ్చేందుకు తీసుకున్న అడ్వాన్సు, అన్నీ.

ఓడ ప్రయాణం అయిపోయి ఇంటికొచ్చినంక, ఆపరేషన్‌కు పైసలు సాలవని చెప్పలేక సచ్చిన. ఆఖరికి ఉన్నదున్నట్టు చెప్పిన. అమ్మ అంతా ఇన్నది.

"ఆ సాబ్ నిన్ను అడిగిండా బిడ్డా? నీ మాట రాసుకున్నడా?"

"రాసుకున్నడే."

"మంచోడు" అన్నది. ఆమె మొగం చూస్తే నాకు ఏడుపొచ్చింది. కండ్ల ముచ్చట మళ్ల ఎత్తలే. నా పళ్లెం ఎక్కడుందో చేత్తోని తడుముకొని అన్నం పెట్టింది.