మోతికి పెట్టిన మందు

1978 జూన్‌లో నన్ను బాన్సువాడ పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. కాగితం మీద అంత పొడుగు పేరు గానీ ఊళ్లో నేను గొడ్ల డాక్టర్నే. నాది తెనాలి వైపు. అక్కడా తెలుగే కదా, మాటకేం ఇబ్బంది అనుకుని దిగాను. ఆ ధీమా ఏడాది నిలిచింది.

మరుసటేడు వానలు పడగానే గొంతువాపు టీకాలు మొదలుపెట్టాం. ఆ రోజుల్లో తెల్లారేసరికి ఆసుపత్రి ముందు బర్రెలు బారులు తీరేవి. బీర్కూర్ నుంచి రాజవ్వ అనే ఆమె తన బర్రెను తోలుకొచ్చింది. యాభై ఏళ్లుంటాయి, భర్త లేడు, మరిది సాయిలుతో కలిసి వ్యవసాయం చేసుకునేది. బర్రె వెనకాలే ఒక ఎర్ర కుక్క వచ్చింది. పేరు మోతి, తొమ్మిదేళ్లది. "గిది రెండొద్దుల సంది సరిగ తింటలేదు సారు" అందామె. నా చూపంతా బర్రెల వరస మీదే ఉంది. కుక్క చెవుల నిండా పిడుదులు కనిపించాయి. పిడుదుల పొడి పొట్లం కట్టివ్వమని మా కాంపౌండర్ యాదగిరికి చెప్పి ముందుకు కదిలాను. థర్మామీటర్ నా జేబులోనే ఉంది. టీకాల హడావిడిలో కుక్క వివరాలు ఓపీ రిజిస్టర్‌లో కూడా ఎక్కించలేదు.

ఐదో రోజు పొద్దున ఎడ్లబండి వచ్చి ఆగింది. పాత చీరలో చుట్టిన మోతిని సాయిలు దించాడు, ప్రాణం లేదు. రాజవ్వ నా ముందు నిలబడి, "నేనే మందు పెట్టిన సారు. నా చేతుల్తోటే పెట్టిన" అంది.

మందు పెట్టడమంటే మా వైపు విషం పెట్టడం. పెంచుకున్న కుక్కకు ఈమె విషమెందుకు పెట్టిందా అని నేను బిత్తరపోయాను. అదే అడిగితే, "మీరే గదా పెట్టుమన్నరు" అంది. అప్పుడు వెలిగింది, ఆమె చెబుతున్నది మా పొడి సంగతి. మా పొడే చంపిందేమోనని భయపడ్డాను. అంతలో యాదగిరి ఇంకో రెండు ప్రశ్నలడిగితే మూడో మందు బయటపడింది. పొట్లం ఇచ్చేటప్పుడు అతను, "గీ మందు అయిపోతే మల్ల పెట్టు" అన్నాడట. మళ్లీ వచ్చి పట్టుకెళ్లి పెట్టమని అతని ఉద్దేశం. పొట్లం రెండు రోజులకే అయిపోయింది. ఇంట్లో వరి పురుగుకు చల్లే తెల్లపొడి ఉంది. వరి పండే ఊళ్లలో దాన్నీ మందనే అంటారు. ఆమె అదే తెచ్చి ఒళ్లంతా రుద్దింది.

"కోసి చూడుండ్రి సారు. నా మందుకే పోయిందా, ఇంకేమన్ననా, నాకు ఎరుక కావాలె" అంది.

సాయిలు అడ్డం పడ్డాడు. "కుక్కను కోసుడేంది వదినె, ఊరంత నవ్వుతది" అన్నాడు. ఆమె అతని వైపు చూడను కూడా చూడలేదు.

పశువుకు పోస్టుమార్టం చేయాలంటే పోలీసుల చిట్టీ గానీ బీమా కాగితం గానీ ఉండాలి. కుక్కకు రెండూ ఉండవు. అయినా చేశాను. జాలితో చేశానంటే అబద్ధమవుతుంది. చంపింది మా పొడా, చేను పొడా, అసలు పొడేనా అన్నది నాకూ తేలాలి. పురుగుమందు ఒంటికెక్కితే మూర్ఛలు రావాలి, నోట నురగ రావాలి. అలాంటివేమీ లేవని, రెండు రోజులు మూలన పడుకుని అట్లాగే పోయిందని రాజవ్వ చెప్పింది. కోసి చూస్తే లోపలంతా కామెర్ల పసుపు. ప్లీహం మామూలుకు మూడింతలు ఉబ్బి ఉంది. మూత్రాశయంలో కాఫీ రంగు నీళ్లు. నాకు అనుమానం గట్టిపడింది గానీ రక్తం చూస్తే తప్ప చెప్పకూడదు. గాజుపలక మీద రక్తపు పూత తీశాను. దానికి వేసే రంగు మా సీసాలో ఎండిపోయింది. నిజామాబాదు నుంచి తెప్పించి మూడో రోజుకు చెబుతానన్నాను.

రంగు వేసి సూక్ష్మదర్శినిలో పెడితే ఎర్రకణాల్లో జంటలు జంటలుగా, బేరిపండు ఆకారంలో పరాన్నజీవులు కనిపించాయి. పిడుదులు కుట్టి ఎక్కించే జ్వరం అది. పుస్తకంలో బొమ్మ చూడటమే గానీ కళ్లారా చూడటం నాకదే మొదలు. ఒక నిమిషం సంబరపడ్డాను కూడా, దాచడమెందుకు. ఆ తర్వాత మా బీరువా గుర్తొచ్చింది.

మూడో రోజు బీర్కూర్ బస్సెక్కాను. రాజవ్వ పొలం గట్టు మీద ఉంది. మోతిని ఉప్పు పోసి పూడ్చిన చోట మోదుగాకు విస్తరిలో అన్నం, గుడ్డు పెట్టి కూర్చుంది. మనిషి పోతే మూడోనాడు చేసే పని అది, పిట్టకు పెట్టుడంటారు. కాకి ముడితే పోయినవారికి కోపం లేనట్టు. కాకులు తుమ్మచెట్టు మీదే ఉన్నాయి, ఒక్కటీ దిగడం లేదు. నవ్వుతారన్న సాయిలే గట్టున నిలబడి కాకుల్ని పిలుస్తున్నాడు.

"కోపం పోలే సారు. నా మందుకే పోయిందని దానికి ఎరుకే" అందామె. మూడు రోజులుగా పొయ్యి ముట్టించలేదని సాయిలు చెప్పాడు.

నేను చూసింది చూసినట్టు చెప్పాను. మోతిని చంపింది పిడుదుల జ్వరం. ఆమె రుద్దిన పొడి మంచిది కాదు, ఇంకెప్పుడూ రుద్దవద్దు, కానీ చావుకు కారణం అది కాదు. అక్కడితో ఆపి వచ్చేయవచ్చు. కాకుల వంక చూస్తూ ఉంటే మిగతాదీ చెప్పాలనిపించింది. ఆ రోజు నేను జ్వరం చూసి ఉంటే తెలిసేది. దానికి వేయాల్సిన సూది మా బీరువాలోనే ఉంది. నేను చూడలేదు.

ఆమె నా వైపు తిరిగింది. "అంటె నా చెయ్యి కాదు" అంది. కాదన్నాను. అప్పుడు మట్టి మీద చెయ్యి పెట్టి, "ఇన్నవా మోతీ, సారు ఒప్పుకుంటుండు. ఇగ నాతోటి కోపమెందుకురా" అంది. ఆ మాట అన్నాక ఏడ్చింది. బండి దిగినప్పటి నుంచి ఆమె కంట నీరు రావడం అదే మొదటిసారి. నన్ను తిట్టలేదు. తిడితే నాకు తేలిగ్గా ఉండేది.

కాకి ముట్టిందో లేదో నేను చూడలేదు, బస్సు వేళయింది.

తర్వాత పదవీ విరమణ దాకా రెండు పద్ధతులు పాటించాను. ఏ పొట్లం ఇచ్చినా ఉత్త మందు అనకుండా "దవాఖాన పొడి" అనమని యాదగిరికీ తర్వాతి కాంపౌండర్లకూ చెప్పాను. దేని వెంట ఏ జంతువు వచ్చినా ముందు థర్మామీటర్ పెట్టాను. ఆ సాయంత్రం బాన్సువాడ చేరగానే ఓపీ రిజిస్టర్ తీసి మోతిని ఆలస్యంగానైనా ఎక్కించాను. కుక్క, మగ, తొమ్మిదేళ్లు, బీర్కూర్. జ్వరం ఎంతో రాయాల్సిన గడిలో 'చూడలేదు' అని రాసి సంతకం పెట్టాను.