సగం దాకా చుట్టిన గొట్టం

ఓడీల్ ముఖం తెలియని వాళ్ళు మా వీధిలో ఉంటే ఉండొచ్చుగానీ, ఆవిడ పాదాలు తెలియని వాళ్ళు లేరు. రేడియోలో చలి మాట వినబడితే చాలు, ఆదివారం టోపీ లేకుండా గడప దాటని ఆ మనిషి చనిపోయిన మొగుడి పంట్లాం తొడుక్కుని, చేతిలో టార్చిలైటు, నోట్లో తాడు పెట్టుకుని ఇంటి కిందికి దూరేది. బయటికి రెండు పాదాలు మాత్రం కనపడేవి.

న్యూ ఆర్లీన్స్‌లో మా ఇళ్ళన్నీ ఇటుక దిమ్మెల మీద నిలబడ్డవే. కింద మోకాలెత్తు ఖాళీ. ఎండాకాలం ఆ ఖాళీలోంచి గాలి ఆడుతుంది, ప్రాణానికి హాయిగా ఉంటుంది. నీళ్ళ గొట్టాలూ అక్కడే, చెక్క నేలకి వేలాడుతూ పోతాయి. లోపలి నీళ్ళు గడ్డకట్టి అవి పగిలేంత చలి ఎప్పుడోగానీ రాదు కనక వాటి సంగతి ఎవరికీ పట్టదు. హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి మడత చెడితే నిద్రపట్టని ఓడీల్‌కి మాత్రం పట్టేది. పాత మేజోళ్ళూ పేపర్లూ గొట్టానికి చుట్టి, తాడుతో బిగించి, మురికి కొట్టుకుని బయటికొచ్చేది.

"లోపల చోటుందా ఓడీల్, నన్నూ రమ్మంటావా?" అని ఎదురింటి నూమా అరిచేవాడు. ట్రాము నడిపి రిటైరైన మనిషి, వాకిట్లో కుర్చీ వేసుక్కూర్చోవడమే పని.

"నీ పొట్ట పట్టదుగానీ, ఇంటికెళ్ళి నీ గొట్టాలు నువ్వు చుట్టుకో."

అది ఒకే కప్పు కింద రెండు వాటాల ఇల్లు. నడుమ ఒక చెక్కగోడ, ముందు ఇద్దరికీ కలిపి ఒకటే వసారా. ఒక వాటాలో ఓడీల్, రెండోదాంట్లో చెల్లెలు వర్డీ. తుంటి అరిగిపోయి వర్డీ కర్రతో నడిచేది. ఇంటి కింద పాకే పని మొదటినుంచీ అక్కదే, ఇల్లంతటికీ తనే చుట్టేది.

తల్లి పోయిన రోజు అంతా మారింది. సమాధి దగ్గర్నుంచి వచ్చిన జనానికి ఓడీల్ రొయ్యల గంబో పులుసు వండిపెట్టింది. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి, చేతిలో ఉప్పు కాస్త ఎక్కువే పడింది. వర్డీ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, అందరి ముందూ, "అమ్మకి బీపీ ఎందుకు తగ్గలేదో ఇప్పుడు తెలిసిందక్కా," అంది. ఏడుపు మధ్య నవ్వు కోసం మొహం వాచినట్టున్న జనం పగలబడి నవ్వారు. పాదిరీగారు కూడా నవ్వారు. ఓడీల్ గరిటె కిందపెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత చెల్లెలితో మాట్లాడలేదు.

ఆ ఏడాది నుంచీ చుట్టడం కూడా సగం దాకానే. ఇంటి కింద సరిగ్గా నడిమి దూలం దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ముడేసి, వెనక్కి పాకి వచ్చేసేది. వీధి నీళ్ళు వచ్చేది వర్డీ వైపు నుంచి. నూమా ఉండబట్టలేక అడిగాడు కూడా.

"అక్కడ గడ్డకడితే నువ్వు ఇక్కడ చుట్టి ఏం లాభం?"

"నా వాకిలి నేను ఊడ్చుకుంటున్నా. నీకేం నొప్పి?"

కొన్నేళ్ళు చలి మాటలతోనే సరిపెట్టుకుంది కనక ఏమీ కాలేదు. తర్వాత ఒక డిసెంబరులో, క్రిస్మస్ ఇంకా రాకముందే, రేడియోవాళ్ళ గొంతు మారింది. పిల్లల్నీ కుక్కల్నీ లోపలే ఉంచుకోండి, గొట్టాలు చూసుకోండి అని అదేపనిగా చెప్పారు.

మర్నాడు పొద్దున ఓడీల్ తలుపు తీస్తే వసారాలో తన వైపున ఒక గోనెసంచి ఉంది. విప్పి చూసింది. వర్డీ పెళ్ళినాటి పువ్వుల బొంత. నిలువునా పట్టీలు పట్టీలుగా చింపి, ఒక్కో పట్టీనీ ఆసుపత్రి కట్టులా చుట్ట చుట్టి పేర్చి ఉంది. చీటీ లేదు, మాట లేదు.

ఓడీల్‌కి అర్థం కాకపోవడమేమిటి, చూడగానే అర్థమైంది. 'నోరు పడిపోయిందా? అక్కా, నా వైపు కూడా చుట్టు అంటే చాలదా?' అనుకుంది. ఆ మాట కోసం అక్కడే చాలాసేపు నిలబడింది. పక్క తలుపు తెరుచుకోలేదు.

సంచి తీసుకునే కిందికి దూరింది. తన సగానికి ఆ బొంత పట్టీలే ఒద్దికగా, ఒకదాని మీద ఒకటి చుట్టింది. నడిమి దూలం దగ్గరికి వచ్చేసరికి ఇంకా బోలెడు పట్టీలు మిగిలాయి. ఎదురుగా చెల్లెలి వైపు గొట్టం బోసిగా కనపడుతోంది. అప్పుడే పైన చెక్కల మీద కర్ర చప్పుడు వినబడింది. టక్కు టక్కుమంటూ వచ్చి సరిగ్గా ఓడీల్ తల మీద ఆగింది.

కింద తను ఉన్నట్టు వర్డీకి తెలుసు. పైన వర్డీ ఉన్నట్టు ఓడీల్‌కి తెలుసు. మధ్యలో ఒక చెక్క. ఓడీల్ చేతిలో పట్టీ పట్టుకునే చెవొగ్గింది. ఒక్కసారి కర్రతో నేల మీద కొట్టినా సరే, పిలిచినట్టే లెక్క వేసుకుందామనుకుంది. పైన ఆవిడ ఏమనుకుందో మరి, కొట్టలేదు. కాసేపటికి కర్ర చప్పుడు వంటింటి వైపు వెళ్ళిపోయింది.

ఓడీల్ వెల్లకిలా పడుకున్నదల్లా పక్కకి తిరిగి, మిగిలిన పట్టీలన్నీ తన గొట్టం మీదే మరో వరస చుట్టేసింది.

ఆ చలికి, గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా, ఊరంతా కుళాయిలు సన్నగా వదిలి పడుకుంది. ఊరంతా వదిలేసరికి నీళ్ళకి జోరు తగ్గి, కుళాయిల్లో ధార దారంలా సాగి, చివరికి అదీ ఆగింది. వర్డీ వంటింటి గోడలోకి ఎక్కే చోట గొట్టం పగిలింది. గడ్డ కరిగాక నీళ్ళు గోడలోంచి తన్నుకొచ్చాయి. తివాచీ, బియ్యం డబ్బా, మంచం కాళ్ళు అన్నీ తడిశాయి. నూమా పరిగెత్తుకొచ్చి మీటరు దగ్గర కట్టేశాడు. అప్పటికే అటువైపు చెక్క నేల ఉబ్బిపోయింది. ఇటువైపు ఓడీల్ గొట్టం, ఆ రెండు వరసల బొంత కింద, చుక్క లేకుండా ఎండిపోయింది.

బాటన్ రూజ్ నుంచి వర్డీ కొడుకు తల్లిని తీసుకెళ్ళడానికి వచ్చాడు. ఇరుగుపొరుగు వసారాలో మూగారు. ఇంకెక్కడన్నా పగిలిందేమో చూస్తానని నూమా ఆ పొట్టతోనే కిందికి దూరి, ఆపసోపాలు పడుతూ బయటికొచ్చాడు.

"అటువైపు ఒక్క పేలిక లేదు. ఇటువైపు మాత్రం పువ్వుల బొంత, రాణీగారిని పడుకోబెట్టినట్టుంది," అని నవ్వి, "ఎవరిదది?" అన్నాడు. పాపం, తెలిసి అడిగింది కాదు.

వర్డీ కర్ర మీద రెండు చేతులూ ఆనించింది. "నాదే," అంది.

ఎవరూ నవ్వలేదు. ఓడీల్ ముఖం చెవులదాకా కాలింది. గంబో నాడు జనం నవ్వారు, కోపం తెచ్చుకోవడానికి వీలైంది. ఇప్పుడు అదీ లేదు. ఒకావిడ పిల్లవాడి కోటు గుండీలు సర్దడం మొదలుపెట్టింది. నూమా మోచేతికంటిన మట్టి దులుపుకుంటూ ఉండిపోయాడు.

సామాను కారెక్కుతున్నంతసేపూ ఓడీల్ తలుపు చాటున నిలబడి ఒక మాట కూడబలుక్కుంది. పెద్దదేం కాదు, ఉండిపో, నా వైపు పొడిగానే ఉంది అని. వర్డీ మెట్ల దగ్గరికి రాగానే బయటికొచ్చింది. నోరు తెరిస్తే ఆ మాట రాలేదు.

"కుళాయిలు కట్టేశావా?" అంది.

ఇన్నేళ్ళకి అక్క నోటివెంట మొదటి మాట. వర్డీ తిరిగి చూసింది.

"నీళ్ళే లేవుగా ఓడీల్. కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే."

అక్కా అనలేదు. పేరు పెట్టి పిలిచింది. కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగి కారెక్కింది.

ప్లంబరు దొరికి, గొట్టం అతికి, ఓడీల్ వంటింట్లోకి మళ్ళీ నీళ్ళొచ్చాయి. పక్క వాటా మూసే ఉంది. ఫిబ్రవరి చలి కూడా దాటిపోయాక ఒక సాయంత్రం నూమా ఏదో పనున్నట్టు వసారా ఎక్కాడు.

"వర్డీ ఫోన్ చేసింది. బాగానే ఉందిట. మనవడికి ఇప్పుడిప్పుడే పళ్ళొస్తున్నాయిట."

"నేనడిగానా?" అంది ఓడీల్.

"అడగలేదులే."

అతను మెట్లు దిగి రోడ్డు దాటాడు. తన వాకిట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఓడీల్ మాత్రం తలుపు వేసుకోకుండా, ఇంకేమన్నా చెప్తాడేమోనని, చీకటి పడేదాకా గడపలోనే నిలబడింది.