వెంట్రుకంత పగులు

పొద్దున్నే ట్రాక్టర్ టైర్ల మీద చెంబెడు నీళ్లు చల్లి పెనిమిటి మల్లేశ్‌ను పొలానికి సాగనంపడం యాదలక్ష్మికి అలవాటు. ట్రాక్టర్ వెనక మట్టిని గుల్లచేసే రోటవేటర్‌ను తిప్పే షాఫ్టు విరిగి తలకు తగిలి అతడు పోయాక, ఆ వేళకు వాకిట్లో ఊరికే నిలబడుతోంది. జోరుగా తోలి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని ఊరంతా అంది. ఆమె తలవంచుకుని విన్నది. ఇవాళ దుప్పటి పిండుతుంటే, ఇబ్రహీంపట్నంలో ఇంజనీరింగ్ చదివే కూతురు భాగ్యశ్రీ లాప్‌టాప్ పట్టుకొచ్చింది. తెర మీద ఆమె కంప్యూటర్‌లో తయారుచేసిన షాఫ్టు బొమ్మ మెలితిరుగుతుంటే వెంట్రుకంత పగులు కొస ఎర్రబడి, చుట్టూ పాకి, ఇనుము రెండు ముక్కలైంది.

“గంత సన్న గీతకేనా బిడ్డా?”

“అవ్ అమ్మా. ఇరిగిన ముక్క మీద పాత తుప్పు కొలిచి, ఈ బొమ్మల గూడ అంతే పగులు పెట్టిన. మెల్లగ తిప్పినా ఇరిగింది. బాపు తప్పు లేదే.”

యాదలక్ష్మి కిందికి చూసింది. చేతుల్లో దుప్పటి సగం మెలిపడి ఉంది. మెల్లగా మెలి విప్పి, పిండకుండానే తీగ మీద వేసింది.