గాజుల హుసేనమ్మ తొలి వంతు

మా బడిలో చదివినవాళ్ళు పండగల జ్ఞాపకాలు పుస్తకంగా వేస్తున్నారు. నన్నూ ఒకటి రాయమన్నారు. పండగ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది గాజుల హుసేనమ్మ గొంతు. మాకందరికీ ఆమె హుసేనక్క. అందుకే ఆమె గురించే రాస్తున్నాను.

ఓర్వకల్లు దాటి రాళ్ళగుట్టల వెంబడి లోపలికి వస్తే మా ఊరు. ఏ పండగైనా మా ఊరికి వారం ముందే వచ్చేస్తుంది, హుసేనక్క భుజం మీది గాజుల మలారంతో పాటు. ఆమె పుట్టిల్లు నందికొట్కూరు. మీరా హుస్సేన్‌ను చేసుకుని ఈ ఊరికొచ్చి, అత్త దగ్గర గాజులు తొడగడం నేర్చుకుంది. ఇప్పుడు ఊళ్ళో ఆమె పట్టుకోని ఆడచెయ్యి లేదు. అరుగు మీద కూర్చుని, మన చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, వేళ్ళు మెత్తగా నొక్కుతూ మాటల్లో పెడుతుంది. మనం మాటల్లో ఉండగానే గాజు మణికట్టుకు చేరిపోతుంది.

"అబ్బా అంటావేందే? దీనికే ఇట్లంటే రేపు కాన్పుకు ఏమంటావు?" అని నవ్విస్తుంది.

చివర్లో ఒక కొసరు గాజు తొడిగి "చల్లగా ఉండు తల్లీ" అంటుంది. మేము గాజులు కళ్ళకద్దుకుని ఆమెకు దండం పెడతాం. అది మా పల్లె ఆనవాయితీ. చెయ్యి కాస్త వేడిగా తగిలిందంటే చాలు, గాజులు పక్కన పెట్టి, "గంజన్నా తాగినావా?" అని అడుగుతుంది. లేదంటే తానే వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగిస్తుంది.

మా ఎదురింటి సుబ్బలక్ష్మమ్మకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి శ్రీమంతానికి గాజులు తొడగడానికి వచ్చిన హుసేనక్క, ఆ చేతిని చాలాసేపు వదలలేదు. తొడగడం అయ్యాక ఇంటికి కూడా పోకుండా దర్గాకు వెళ్ళి ఆమె కోసం చక్కెర మీద ప్రార్థన చదివించుకొచ్చింది. నొప్పులు మొదలైన పొద్దున బస్సు రాలేదు. మీరా హుస్సేన్ తన ఆటోలో కర్నూలు ఆసుపత్రికి చేర్చాడు. ఆడపిల్ల పుట్టింది. యామిని అని పేరు పెట్టుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన ఉగాదినాడు సుబ్బలక్ష్మమ్మ దేవుని పటం ముందు మొక్కుకుంది. ప్రతి ఏడూ వేపపూత పచ్చడి స్వామికి నైవేద్యం పెట్టాక తొలి వంతు హుసేనక్క తినాలి, అంతవరకు తాను పచ్చి మంచినీళ్ళైనా ముట్టకూడదు. ఆ మొక్కు ఏళ్ళ తరబడి సాఫీగా సాగిపోయింది. ఉగాది పొద్దున హుసేనక్క రావడం, పచ్చడి తినడం, యామిని చేతికి కొత్త గాజులు తొడగడం. ఉగాది వచ్చి రంజాను నెలలో పడుతుందని మొక్కుకున్న రోజు ఎవరికీ తోచలేదు.

యామినికి పెళ్ళయ్యాక ఒక ఏడు సరిగ్గా అదే జరిగింది. రంజాను పండగ ఇంకో రెండు రోజులుందనగా ఉగాది వచ్చింది. హుసేనక్క ఒక్కపొద్దులో ఉంది, పొద్దుగూకేదాకా నీళ్ళు కూడా ముట్టదు. సుబ్బలక్ష్మమ్మకూ ఆ సంగతి తెలుసు కదా, అర్థం చేసుకుంటుందిలే అనుకుని ఆ పొద్దున ఆమె రాలేదు.

ఎండ ముదిరే వేళకు యామిని మా గడపలోకి వచ్చింది. కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల, నెలలు నిండాయి, నడుం పట్టుకుని నిలబడింది.

"పిన్నీ, అమ్మ ఇంతవరకు ఏమీ తినలా. సక్కెర మాత్ర కూడా ఏసుకోలా. కండ్లు తిరుగుతాండాయంటాది. మాపటికి హుసేనమ్మ పెద్దమ్మ ఒక్కపొద్దు ఇడిచినంకనే తింటాదంట. నువ్వన్నా వచ్చి చెప్పు."

వెళ్ళి చూస్తే సుబ్బలక్ష్మమ్మ అరుగు మీద స్తంభానికి ఆనుకుని ఉంది. ముఖమంతా చెమట. ఆమె భర్త హనుమన్న విసనకర్రతో విసురుతున్నాడు.

"చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. నా మాట ఏ పొద్దు వినింది గనక!" అన్నాడు.

"ఇది నా కోసం మొక్కిన మొక్కా?" అంది ఆమె నాతో. "నెలలు నిండిన పిల్ల ఇంట్లో ఉండాది. తప్పేదానికి ఈ ఏడే దొరికిందా?"

పోయి హుసేనక్కకే చెప్పాను. చేతిలో ఉన్న జల్లెడ అక్కడే వదిలేసి వచ్చింది.

"ఏమ్మే సుబ్బమ్మా, ఒక్కపొద్దు నాదా, నీదా?"

"నువ్వు తినకుండా నేను తిననక్కా."

"సక్కెర జబ్బు మనిషివి. నా ఒక్కపొద్దుకు పుణ్యం వస్తాదో రాదో గానీ, నువ్వు పడిపోతే పాపం మాత్రం నాకే."

"అయితే నువ్వు తిను!" అనేసింది సుబ్బలక్ష్మమ్మ. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది.

హుసేనక్క పచ్చడి గిన్నె వంక చూసింది. యామిని వంక చూసింది. నెల పొడుగునా ఒక్క రోజు తప్పని మనిషి. ఆమె చెయ్యి గిన్నె వైపు కదలడం నేను చూశాను.

"దేవుడు నా మనసు చూస్తాడులే. ఇట్ల తే."

"వద్దు!" అంటూ సుబ్బలక్ష్మమ్మ గిన్నెను ఒళ్ళోకి లాక్కుంది. "నీ ఒక్కపొద్దు చెడగొట్టి నా బిడ్డకు మేలు కోరుకుంటానా?"

హుసేనక్క చరచరా వీధి మొగదలకు వెళ్ళి కేక వేసింది.

"ఫిరోజ్ అబ్బా! బిరీన ఇట్ల రాండి!"

ఫిరోజ్ వాళ్ళ కొడుకు. ఫిరోజ్ నాన్నా అని ఆమె పిలిచింది మీరా హుస్సేన్‌ను. గుండెకు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన ఒక్కపొద్దు ఉండకూడదన్నారు డాక్టర్లు. మూడు పూటలా మాత్రలు. నలుగురిలో అది ఆయనకు చెప్పలేనంత సిగ్గు. రంజాను నెలంతా వెనక గదిలో తలుపు మూసుకుని తింటాడు, నీళ్ళు కూడా అక్కడే తాగుతాడు.

ఆయన వచ్చి నిలబడ్డాక హుసేనక్క అడిగింది: "సుబ్బమ్మా, నిజం చెప్పు. గాజులు తొడిగింది నేనే, కాదనను. నొప్పులతో నువ్వు అరుస్తాంటే కర్నూలు దాకా ఆటో తోలింది ఎవురు?"

"మీరా బావ."

"మరి ఇన్నేండ్లు తొలి వంతు నా ఒక్కదానికే పెట్టినావే? ఆయప్ప వంతు యాడ పోయింది?"

సుబ్బలక్ష్మమ్మ నోరు తెరిచింది. "నాకు ఆ తలపే రాలేదు గదక్కా…"

"నేను చెప్తాండా గదా, తొలి వంతు మా ఇద్దరిదీ. పొద్దుటిది ఆయప్పది. నాది మాపటికి."

మీరా హుస్సేన్ వెనక్కి జరిగాడు. "నేనా? రంజాను నెలలో, పట్టపగలు, అందరూ తిరిగే చోట? చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"జబ్బు మనిషికి అల్లానే సడలింపు ఇచ్చినాడు. మీరే తలుపేసుకోని దొంగ మాదిరి తింటాండారు."

సుబ్బలక్ష్మమ్మ లేచి రెండు చేతులా గిన్నె పట్టుకుని ఆయన ముందు నిలబడింది. "బావా, ఆ పొద్దు నువ్వు లేకుంటే ఈ పిల్ల లేదు. ఇన్నేండ్లు నిన్ను మరిచిపోయిన్యా. తిను."

ఆయన తల మీద తువాలు సర్దుకున్నాడు. బిస్మిల్లా అని చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడే మసీదు ఊడ్చే రబ్బానీ ఆ దారిన వచ్చాడు. మీరా హుస్సేన్ చెంచా గాలిలోనే ఆగిపోయింది. రబ్బానీ చూశాడు, నడక ఆపకుండానే, "మామా, మాపటికి నాకూ రవ్వంత పెట్టమను" అంటూ సాగిపోయాడు.

మీరా హుస్సేన్ అప్పుడు మింగాడు. ముఖమంతా ముడతలు పడింది.

"ఏందమ్మా ఇది, బెల్లం ఏసినావా లేదా? దీనికంటే మా ఆటో డీజిలు నయం!"

యామిని కడుపు పట్టుకుని నవ్వింది. సుబ్బలక్ష్మమ్మ అదే గిన్నెలోంచి రెండు చెంచాలు గబగబా తిన్నది. హనుమన్న అన్నం కంచంతో, మాత్రతో, నీళ్ళ చెంబుతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. హుసేనక్క కొంగుతో ముఖం తుడుచుకుని, "మలారం తెస్తా ఉండు, పండగపూట పిల్ల చేతులు బోసిగా ఉండాయి" అంటూ ఇంటికి వెళ్ళింది.

సాయంత్రం అజాన్‌కు ముందే సుబ్బలక్ష్మమ్మ భక్ష్యాలూ పచ్చడీ తీసుకుని ఆమె గడపలోకి వెళ్ళింది. రంజాను పండగ వెళ్ళిన మూడోనాడు యామినికి ఆడపిల్ల పుట్టింది.

తర్వాతి ఏళ్ళలో కూడా ఉగాది ఉపవాసాల్లోనే వచ్చింది. పొద్దున మీరా హుస్సేన్ వంతు, మాపటికి హుసేనక్క వంతు. ఆయన ఇప్పుడు తలుపు మూసుకోవడం లేదు. పోయిన ఉగాదికి అరుగు మీద కూర్చుని పచ్చడి తిని ముఖం చిట్లిస్తే, యామిని కూతురు ఎదురుగా నిలబడి అచ్చం అలాగే చిట్లించి చూపించింది. ఆయన దాని కోసమే ఇంకో చెంచా తిన్నాడు.