జాబితాలో కాక పేరు

మొన్న ఉదయం పేపరు లోపలి పేజీలో చిన్న కోర్టు ప్రకటన కనిపించింది. గోదావరిఖనిలో ఎవరో ఐపీ పెట్టారట, అప్పులిచ్చినవాళ్ళ పేర్లు వరుసగా అచ్చేశారు. మీరైతే దాన్ని దాటేసి పేజీ తిప్పేవారేమో గానీ, నేను ఆ పేర్లన్నీ రెండుసార్లు చదివాను, ఎందుకంటే అలాంటి జాబితా ఒకటి ఒకప్పుడు నా చేత్తోనే రాశాను.

నాన్న బాయిలో, అంటే బొగ్గు గనిలో, బొగ్గు నింపే కార్మికుడు. చిన్నాన్న అప్పు చేసి లారీ కొంటానంటే హామీ కాగితం మీద వేలిముద్ర వేశాడు. లారీ వ్యాపారం మునిగి చిన్నాన్న మాయమయ్యాక ఆ బాకీ తీర్చడానికి మిత్తికి, అదే వడ్డీకి, కొత్త అప్పులు తెచ్చాడు, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చివరకు జీతమంతా గేటు దగ్గరే అప్పులవాళ్ళ చేతుల్లోకి పోయేది. దివాలా పిటిషన్ వేస్తే, కోర్టు ఒప్పుకుంటే, ఇంటిమీదికి ఎవరూ రారని, వంటగిన్నెలూ కట్టుబట్టలూ ఎవరూ ముట్టరని వకీలు చెప్పాడు. అప్పులిచ్చిన అందరికీ నోటీసులు వెళ్తాయని, ఒక్క పేరు దాచినా మొదటికే మోసమని కూడా చెప్పాడు.

నేనప్పుడు టీచరు ట్రైనింగులో ఉన్నాను, దస్తూరి బాగుంటుందని జాబితా నాకే అప్పజెప్పారు. నాన్న చెబుతూ పోయి కాక దగ్గర ఆగాడు. కాక అని పిలవడమే గానీ ఆయన మాకు చుట్టం కాదు. నాన్నతో ఒకే షిఫ్టులో దిగేవాడు, ఆదివారం చర్చిలో ఒకే చాప మీద కూర్చునేవాడు, ఇల్లు కట్టుకోవడానికి దాచుకున్నదంతా కాగితం ముక్క లేకుండా నాన్న చేతిలో పెట్టినవాడు.

"ఆయన పేరు రాయకు బిడ్డా, ఆయనకు నేను ఎట్లనన్న ఇచ్చుకుంట," అన్నాడు నాన్న.

సరేనన్నాను, నాన్న డ్యూటీకి వెళ్ళాక రాసేశాను. చట్టం తెలిసిందన్న పొగరు కొంత, పిటిషన్ కొట్టేస్తారన్న భయం కొంత. చదువురాని నాన్న నేను చూపించినచోట వేలిముద్ర వేశాడు.

నోటీసు కాకకు బాయి గేటు దగ్గర, అందరి ముందూ అందింది. ఆయన షిఫ్టు మార్పించుకున్నాడు, చర్చిలో వెనక వరుసకు జరిగిపోయాడు. నాన్న అడిగితే ఒప్పుకున్నాను.

"నాకు చెప్పి రాస్తే, నేనే ముందుగాల పోయి చెప్పుకునేటోన్ని గదా," అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

కోర్టు మా అప్పులు కొట్టేసింది. కిరాణా కొట్టులో ఉద్దెర కూడా ఆరోజుతోనే ఆగిపోయింది. అమ్మ ఉప్పు సైతం రొక్కం ఇచ్చి తెచ్చేది, ఆమె రాగానే నల్లా దగ్గర ఆడవాళ్ళ మాటలు ఆగిపోయేవి. కొన్నేళ్ళకు నాన్న రిటైరయ్యాక, కాక బాకీ మొత్తం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాడు. కాక అప్పటికీ అద్దె ఇంట్లోనే ఉన్నాడు. చాయ ఇచ్చాడు గానీ డబ్బు ముట్టలేదు.

"కోర్టు కొట్టేసిన పైసలు నాకెందుకన్నా. నువ్వచ్చి ఒక్క మాట చెప్పకపోతివి," అన్నాడు.

పేరు రాసింది నేనని నాన్న చెప్పలేదు. పక్కనే కూర్చున్న నేనూ చెప్పలేదు.

ఇప్పుడు అప్పులు ఫోనులో పుట్టి ఫోనులోనే చెడుతున్నాయి, ఇచ్చినవాడి మొహం తీసుకున్నవాడికి తెలియదు, పేరు దాచడానికి గానీ నొచ్చుకోవడానికి గానీ మధ్యలో మనిషే లేడు. మా రోజుల్లో అప్పంటే ఎదురుగా కూర్చున్న మనిషి. ఆ మనిషికి నిజం చెప్పే వీలు నాకు ఒక్క సాయంత్రం దొరికింది, చాయ చల్లారేదాకా నేలచూపులు చూస్తూ కూర్చున్నాను. నాన్న నా తప్పు మోసుకుంటూనే పోయాడు, కాక దాన్ని నాన్నదే అనుకుంటూ పోయాడు.