కొరమీను సాక్ష్యం

నీళ్ళను కలుగజేసిన దేవునికి, ఆ నీళ్ళలో తిరిగే ప్రతి ప్రాణి ఊపిరినీ ఎరిగిన తండ్రికి ముందుగా స్తోత్రం. నా నోట దొర్లిన తప్పు మాట ఒక పిల్ల గొంతులోకి దిగకుండా ఆపిన ఆయన కృపకు రెండో స్తోత్రం. ఈ రెండూ చెల్లించకుండా ఈ సంగతి మొదలుపెట్టడం నాకు చేతకాదు.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల నడిమిలో, బి.యస్సీ. కెమిస్ట్రీ ప్యాసైన కుర్రాడికి తెలియనిదంటూ ఏమీ ఉండదని లోకం కంటే ముందు ఆ కుర్రాడే నమ్మేవాడు. నేను దివిసీమ నుంచి వచ్చి పటమటలో గది తీసుకుని, ఆ వైపే ఊరి చివర ఒక రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరాను. (పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డులో ఒక మూల, ఒక బల్ల, ఒక త్రాసు, కొన్ని గాజు జాడీలు, నేను.) మా నాన్నగారు వారమంతా బడిపంతులు, ఆదివారం ప్రసంగీకులు. వాక్యం అప్పజెప్పిన తర్వాతే మాకు అన్నం. ఏ పనికైనా ముందు మోకరించి దేవుణ్ణి గురుతు అడగాలని, గురుతు దొరికితే సంఘం ఎదుట నిలబడి సాక్ష్యం చెప్పాలని ఆయన నేర్పారు. ఆ రెంటికీ నడుమ కాస్త బుర్ర వాడాలని కూడా చెప్పే ఉంటారు. ఆ పూట నేను నిద్రపోయి ఉంటాను.

మా ఫ్యాక్టరీ కొత్తగా ఒక నల్లటి పూత తయారుచేసింది. ఒక డబ్బాలో చిక్కటి రెజిన్, మరో డబ్బాలో దాన్ని బిగించే మందు. రెండూ కలిపి ఇనుము మీద పూస్తే కొన్నాళ్ళకు రాయిలా గట్టిపడుతుంది, ఇక తుప్పు దగ్గరికి రాదు. పడవల అడుగులకూ కాలవ లాకుల తలుపులకూ అప్పటికే వాడుతున్నారు. తాగే నీళ్ళ ట్యాంకుల లోపల కూడా పనికొస్తుందని తేలితే ఫ్యాక్టరీ దశ తిరుగుతుందని మా మేనేజరు గారి ఆశ. భవానీపురంలో మా సంఘం నడిపే ఆడపిల్లల హాస్టలు ట్యాంకు తుప్పుపట్టి ఎర్రనీళ్ళు వస్తున్నాయని నేనే ఆయన చెవిన వేశాను. ఉచితంగా పూయిస్తానన్నారు. పూతలోంచి నీళ్ళలోకి ఏమైనా దిగుతుందా, తాగినవాళ్ళకు హాని ఉందా, ఆ నీళ్ళు కాలవలో కలిస్తే ఏమవుతుంది అన్నది తేల్చి, కాగితం మీద సంతకం పెట్టాల్సింది మాత్రం నేను. ఆ హాస్టల్లోనే మా చెల్లెలు తొమ్మిదో తరగతి చదువుతోంది.

రెజిన్ అమ్మినవాళ్ళు పరీక్ష పద్ధతి రాసి పంపారు. పూత పూసిన రేకును నీళ్ళలో నానబెట్టాలి, ఆ నీళ్ళలో దగ్గర్లో దొరికే చేపల్ని వదలాలి, నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. ఏ చేప అన్నది రాయలేదు. చేపంటే మా ఇంటికి ఎప్పుడూ ముక్కలుగానే వచ్చేది. మొత్తంగా ఉన్న చేపతో నాకు ముఖపరిచయం లేదు. గవర్నర్‌పేట వైపు కాలవ గట్టున కొల్లేటి నుంచి వచ్చి చేపలమ్మే ఒకామె ఉండేది. అందరూ కొల్లేటి అక్క అనేవారు. బతికున్న చేపలు కావాలని అడిగాను. తొట్టిలోంచి జానెడు పొడుగున్న మూడు కొరమీనుల్ని తీసి, ముక్కలు కొట్టనా అంది. వద్దు, ఇవి చావకుండా చూసుకోవాలి అన్నాను. పెళ్ళి కాని కుర్రాళ్ళకు పట్టే వింత జబ్బుల్లో ఇదొకటి కాబోలు అన్నట్టు చూసి, నీళ్ళ బకెట్లో వేసిచ్చింది.

బుధవారం పొద్దున రేకు నానిన నీళ్ళలో చేపల్ని వదిలాను. ఆ నాలుగు రోజులూ ఉపవాసమున్నాను. (చేపలకూ మేత లేదు. ఆ విషయంలో ముగ్గురూ నాతో ఏకమనస్కులే.) ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఆ నీళ్ళు లేతపసుపు రంగుకు తిరిగాయి. కిరసనాయిలుకీ తారుకీ నడిమి వాసనేదో వచ్చింది. పూత మీద గోరు నొక్కితే గోటి గుర్తు దిగబడింది. వానాకాలం కదా, ఆరుతుందిలే అనుకున్నాను. అప్పటికి హాస్టలు ట్యాంకులో కూడా పూత వేసేశారు. లోపలికి దిగి పూసిన ఇద్దరు పనివాళ్ళు తల దిమ్ముగా ఉందని, చేతులు దురదలని చెప్పుకున్నారు. ఎండలో పని కదా అన్నాను. ఆ వేళంతా వాన. నా ముక్కు, నా గోరు, ఆ ఇద్దరి చేతులు, ఇన్ని చెబుతున్నా నేను చూసింది చేపల వైపే. అవి హాయిగా తోకలాడిస్తున్నాయి. ప్రభువా, ఇదే గురుతు అని కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టాను.

ఆదివారం చేపల్ని మళ్ళీ బకెట్లో వేసుకుని ఆరాధనకు వెళ్ళాను. వేదిక పక్కన పెట్టి, గురుతు అడిగిన దగ్గర్నుంచి మొదలుపెట్టి సాక్ష్యం చెప్పాను. సంఘమంతా స్తోత్రం అంది. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, సాయంత్రం నాలుగింటికి ట్యాంకు ప్రతిష్ఠ అని ప్రకటించి ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనలు దీర్ఘమైనవి. దేశాన్నీ, పంటల్నీ, విధవరాండ్రనీ, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళనీ తలచి ఆమేన్ దగ్గరికి వచ్చేసరికి చాపల మీద పసివాళ్ళు ఒక కునుకు తీసి లేచేవారు. ఆ మధ్యలో ఒక కొరమీను బకెట్లోంచి ఎగిరి గచ్చు మీద పడిందట. ఎవరూ కళ్ళు తెరవలేదు. ఆమేన్ అనేసరికి అది ఆడవాళ్ళ చాపల దాకా పాక్కుంటూ పోయి, శుభ్రంగా బతికే ఉంది. మరింత స్తోత్రం. ఆ గదిలో సగంమంది లంకల్లో పుట్టి కొరమీనుతో పెరిగినవాళ్ళే. వాళ్ళకు తెలియక కాదు. సాక్ష్యం మధ్యలో లేచి, బాబూ, ఆ చేప సంగతి అది కాదు అని ఎవరంటారు? వెనక వరసలో ఒక తాతగారు రెండుసార్లు దగ్గారు. ఆయనకు జలుబనుకున్నాను. ఆ మూడు చేపల్నీ పిల్లలు ఊరేగింపుగా హాస్టలు పెరట్లోని సిమెంటు తొట్టికి తీసుకుపోయారు.

మధ్యాహ్నం చెల్లెలికి మంచి చేప వండిద్దామని కొల్లేటి అక్క దగ్గరికి వెళ్ళి, సంబరం పట్టలేక జరిగిందంతా చెప్పాను. ఆమె కత్తిపీట మీద చేపను కొయ్యడం ఆపి నవ్వింది. నేను ఆగేదాకా నవ్వలేదు పాపం, ఆగాకే నవ్వింది.

"కొరమీనునా బాబూ నువ్వు అడిగింది? దాన్ని తడిగుడ్డలో చుట్టి మూల పడేసినా తెల్లారి లేచి చూసుద్ది. అది నీళ్ళని నమ్ముకున్న చేప కాదు. పైకొచ్చి మనలాగే గాలి మింగుద్ది. బురదలో బతుకుద్ది, మురికిలో బతుకుద్ది."

"మరి బతికున్న చేపలంటే ఇవే ఎందుకిచ్చావక్కా?"

"బతికున్నయ్యేగా అడిగావు. సుకుమారం చేప బజారు దాకా ప్రాణంతో ఎట్టా వచ్చుద్ది? ఏది సావదో అదే తొట్టిలో ఉంటది." అంతలో నవ్వు ఆపేసి అడిగింది. "ఆ నీళ్ళు ఎవురు తాగుతారు?"

చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని లేచింది. వాళ్ళ తమ్ముడు చెరువుల వాళ్ళ కోసం శీలావతి చేపపిల్లల్ని కుండలో తెచ్చి ఉంచాడు. బియ్యపు గింజకు కాస్త పెద్దవి. దోసెడు పిల్లల్ని తోడి చెంబులో పోసిచ్చింది. "వీటిని అడుగు, నిజం చెబుతాయి" అంది.

ఫ్యాక్టరీకి పరుగెత్తాను. వాచ్‌మన్ తలుపు తీశాడు. ఈసారి కాస్త బుద్ధి వచ్చి, రెండు జాడీలు పెట్టాను. ఒకదాంట్లో మామూలు బావినీళ్ళు, రెండోదాంట్లో రేకు నానిన నీళ్ళు. ఒక్కోదాంట్లో పది పిల్లలు. ముందు అన్నీ ఈదాయి. కాసేపటికి రెండో జాడీలోవి పైకి వచ్చి నోళ్ళు తెరిచి మూయసాగాయి. ఒకటి పక్కకు ఒరిగింది, మళ్ళీ సర్దుకుంది, మళ్ళీ ఒరిగింది. చదువుతున్న మీరు ఇక్కడ ఒక్క నిమిషం పుస్తకం పక్కన పెట్టి నాతో కలిసి తల వంచండి. తండ్రీ, మాకు ఇష్టమైన జవాబునే నీ జవాబనుకునే తొందర నుంచి మమ్మల్ని తప్పించు, ఆమేన్. నేను ఆ వేళ ఇంత చక్కగా ప్రార్థించలేదు. బతకండి, బతకండి అని చేపపిల్లల్నే బతిమాలాను. మూడు దాటేసరికి రెండో జాడీలో ఏడు తెల్లటి పొట్టలు తేలాయి. బావినీళ్ళలో పదికి పదీ చలాకీగా ఉన్నాయి.

పటమట నుంచి భవానీపురం అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివర. రెండు జాడీలూ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. పక్కాయన జాడీల్లోకి చూసి, నా ముఖం చూసి, వేరే సీటుకు మారాడు. రైలు గేటు దగ్గర బస్సు ఆగింది. గూడ్సు బండి. అంత పొడుగు బండి నేను అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆగలేక దిగి, బండి పోగానే పరుగెత్తాను. జాడీల్లో నీళ్ళు చొక్కా మీద ఒలుకుతున్నాయి. నాలుగు దాటిపోయింది.

హాస్టలు గేటు లోపల పిల్లలు వరసలుగా నిలబడి ఉన్నారు, చేతుల్లో నిండు గ్లాసులు. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. అయ్యగారు ప్రార్థిస్తున్నారు. పంటలు అయిపోయాయి, విధవరాండ్ర దగ్గరున్నారు. (ఆయన ప్రార్థనలు పొడుగని అంతకుముందు నేను ఎన్నిసార్లు సణిగానో, అన్నిసార్లకూ అక్కడికక్కడే క్షమాపణ వేడుకున్నాను.) మొదటి వరసలో మొదటిది మా చెల్లెలు. సాక్ష్యం చెప్పినవాడి చెల్లెలని ఆ గౌరవం. ఇక మిగిలింది ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు, తర్వాత ఆమేన్, ఆమేన్ తర్వాత గుటక. ప్రార్థన మధ్యలో నోరు తెరవడం మా ఇంటావంటా లేదు. జాడీలు నేల మీద పెట్టి, మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి, చెల్లెలి చేతిలోని గ్లాసు పట్టుకున్నాను. అది వదల్లేదు. కళ్ళు తెరిచింది.

"ఏంటన్నయ్యా?"

"తాగకు."

"నువ్వేగా మంచివన్నావు. వాసనొస్తోందనుకున్నా. అన్నయ్య చెప్పాడుగా అని ముక్కు మూసుకుని తాగేద్దామనుకున్నా."

"తప్పు చెప్పానమ్మా" అన్నాను. నెమ్మదిగానే అన్నాననుకున్నాను గానీ, అయ్యగారు ప్రయాణికుల్ని దారిలోనే వదిలేసి ఆమేన్ అన్నారు. అందరి ఎదుటా రెండు జాడీలూ ఎత్తి చూపించాను. పొద్దున చెప్పినంత సేపు పట్టలేదు. తప్పు సాక్ష్యానికి చాలా మాటలు కావాలి గానీ దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాలుగు చాలు.

కుర్చీలో దండతో కూర్చున్న మా మేనేజరు గారి ముఖం మాడిపోయింది. చేపపిల్లలకీ మనుషులకీ పోలికేమిటని ఏదో అనబోయారు. హాస్టలు వార్డెనమ్మ గారు ఒక గ్లాసు తెచ్చి ఆయన ముందు పట్టుకున్నారు.

"మీరు తాగుతారాండీ?"

ఆయన గ్లాసు అందుకున్నారు. వాసన చూశారు. వంగి కుర్చీ కింద పెట్టేశారు. "ఆ కాగితం చింపెయ్యి" అన్నారు నాతో. నా ఉద్యోగం పోలేదు. అయ్యగారు తిట్టలేదు. "వచ్చే ఆదివారం ఈ సాక్ష్యం కూడా చెప్పు నాయనా, ఈ పొద్దున చెప్పినంత గట్టిగా" అన్నారు. తిట్టినా బాగుండేది.

ట్యాంకు నీళ్ళు వదిలేద్దామంటే హాస్టలు మురుగు కాలువ పోయి కలిసేది పెద్ద కాలవలో. కొల్లేటి అక్క వాళ్ళ తమ్ముడు చేపపిల్లల కుండలు ముంచి ఉంచేది అక్కడే. బావికీ కాలవకీ దూరంగా గొయ్యి తవ్వి, సంఘం యౌవనస్థులం బకెట్లతో మోశాం. అరచేతులు పొక్కినవాళ్ళంతా నా చదువును పేరుపేరునా తలచుకున్నారు. ట్యాంకు మూత తీసి, పూతను వానలు వెళ్ళేదాకా ఆరబెట్టాం. గోరు దిగనంత బిగిశాక కడిగి, నానబెట్టి, మళ్ళీ కడిగాం. ప్రతిసారీ శీలావతి పిల్లల్ని అడిగాను. మూడుసార్లు కాదన్నాయి. అంతదాకా పిల్లలు బావినీళ్ళే తోడుకున్నారు. నాలుగోసారి నాలుగు రోజులూ పదికి పదీ ఈదాయి. అయినా నమ్మక నీళ్ళను ప్రభుత్వ లాబొరేటరీకి కూడా పంపించాం. పర్వాలేదని జవాబొచ్చాకే సంతకం పెట్టాను. మొదటి గ్లాసు వార్డెనమ్మ గారు నా చేతికే ఇచ్చారు. వాసన లేదు. పిల్లలంతా నన్ను జాడీలో చేపను చూసినట్టు కాసేపు చూసి, తర్వాత తాగారు.

ఆ ఆనందంలో, నిజం చెప్పిన ఆ పది పిల్లల్నీ సన్మానించాలని పెరట్లోని సిమెంటు తొట్టిలో వదిలాను. మర్నాడు పొద్దున చూస్తే తొట్టిలో మూడు కొరమీనులు తప్ప ఇంకేమీ లేవు. కొంచెం బలిసి ఉన్నాయి కూడా. కొల్లేటి అక్కకు చెబితే ఈసారి నవ్వలేదు, నుదురు కొట్టుకుంది. "కొరమీను నోటి ముందు పిల్లల్ని పెట్టావా? నువ్వు ఏం చదివావు బాబూ?" అంది.

ఇప్పుడు మా చెల్లెలికి మనవలు. నేను ఏ విషయంలోనైనా గట్టిగా, దేవుడు నాకు గురుతిచ్చాడు అంటే చాలు, కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏ చేపనడిగావన్నయ్యా?" అంటుంది. నాకు నవ్వొస్తుంది. తాతయ్యకు ఏ చేపలు తెలుసని మనవలు అడుగుతారు. వాళ్ళ ముందు తగ్గడం ఇష్టం లేక పెద్ద తెలిసినట్టు తల ఊపుతాను గానీ, ఆ రాత్రి నొప్పి పుట్టే మోకాళ్ళ మీదికి మళ్ళీ దిగి, దేవుణ్ణి అడిగిందే ఇంకోసారి, నెమ్మదిగా అడుగుతాను.