పేట లైబ్రరీలో మా పాపకు బడి దొరికిన రోజు

ఎనభైల్లో మా ఆయనకు సున్నపురాయి క్వారీలో పని దొరికితే శ్రీకాకుళం వైపు నుంచి దాచేపల్లి వచ్చాం. ఊరికీ యాసకూ అలవాటు పడ్డాం గానీ మా పాప సంగతే తెమల్లేదు. దానికి వినబడదు, ఐదేళ్లు నిండినా మాట రాలేదు. ఇక్కడి బళ్లో చేర్చుకోలేమన్నారు. ఇరుగుపొరుగు తాయెత్తు కట్టమన్నారు. ఇలాంటి పిల్లలకు వేరే బడి ఉంటుందని విన్నాను, ఎక్కడో చెప్పేవాళ్లు లేరు. "నరసరావుపేట లైబ్రరీకి పోయి చూడమ్మా" అని క్వారీ గుమాస్తా అన్న మాట పట్టుకుని, పాపను చంకనెత్తుకుని ఆరింటి బస్సెక్కాను.

పిడుగురాళ్ల మీదుగా రెండు గంటల పైచిలుకు ప్రయాణం, టికెట్టు ఐదారు రూపాయలు. దారంతా సిమెంటు లారీల వెనకే నడిచిన ఎర్రబస్సు దిగేసరికి ఇద్దరమూ పిండిమరలోంచి వచ్చినట్టున్నాం. "లైబ్రరీ పదకొండింటికి మూస్తారు, మళ్లా నాలుగింటికే. గబగబా పో" అన్నాడు కండక్టరు.

అక్కడ పేపరు ఎవరికీ మొత్తంగా దొరకదు. ఏ కాగితానికా కాగితం విడదీసి బల్ల చుట్టూ పంచుకుంటారు. గోడ మీద 'నిశ్శబ్దము' అని బోర్డు. బడుల ప్రకటనలు పేపర్లో ఉంటాయనుకున్న నేను, ఆ బోర్డుకు కట్టుబడి, చేతికొచ్చిన కాగితమల్లా బుద్ధిగా చదివాను. మిరపకాయల ధరలున్నాయి, వేలం ప్రకటనలున్నాయి, బడి ఊసు లేదు. ఇంతలో కిటికీలు మూయడం మొదలైంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏందమ్మా, ఏం కావాల?" అన్నాడు పెద్దవయసు లైబ్రేరియన్.

"మా పాపకి చెవులినబడవండి. అలాటి పిల్లల బడి ఎక్కడుందో ఎతుకుతున్నానండి."

"పొద్దుగాల నుంచి కూర్చోని ఇప్పుడా జెప్పేది?"

"బోర్డుందని..."

"అది సొల్లు కబుర్లకమ్మా!" అని ఆయన బల్ల చరిచాడు. "ఏమయ్యా, పేపర్లు దించండి! చెవులు వినపడని పిల్లల బడి ఎవురికన్నా తెలుసా?"

"మా చెల్లెలి కొడుకు బాపట్లలో సదువుతుండాడు" అన్నాడు పక్కనున్న ముప్పాళ్ల ఊరి రైతొకాయన. "ఆడనే హాస్టలు. చానా బాగా చూస్తారు. చిలకలూరిపేటలో బస్సు మారాల. సెలవల్లోనే పోయి పేరు రాయించు."

గడియారం పదకొండు దాటినా లైబ్రేరియన్ తలుపు మూయలేదు. ఆ రైతు మమ్మల్ని బస్టాండుకు తీసుకెళ్లి, వద్దన్నా ఇడ్లీ పెట్టించి, మా బస్సెక్కించాడు. "మా చెల్లెలు బాపట్లలోనే ఉంటది, కబురు జేస్తాలే. ఆడ మనవాళ్లు లేరనుకోమాక."

పరాయి ఊళ్లో ఒక ఆడమనిషి కష్టాన్ని అంతమంది తమ కష్టంగా తీసుకున్నారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కొత్త ఊరు చేరిన వాళ్లకు నేను చెప్పేదొకటే: శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించి లైబ్రరీకి వెళ్లండి, కూర్చోకముందే కావలసింది అడగండి. జూన్‌లో పాపను బాపట్లలో చేర్చాం. మొదటి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అది గచ్చు మీద సుద్దముక్కతో 'అమ్మ' అని రాసి, వేలితో నన్ను చూపించింది. నా కూతురు నన్ను పిలవడం అదే మొదటిసారి.